24 మంది ఉన్న సంస్థకి హెచ్‌ఆర్ కన్సల్టెంట్: ఏది అప్పజెప్పాలి, ఏది మన చేతిలో ఉంచుకోవాలి?

ప్రశ్న: చిన్నయూనిట్24

మొత్తం 24 మంది పనిచేసే యూనిట్. రెండు షిఫ్టులు, రెండోది రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. హెచ్‌ఆర్ అంటూ విడిగా ఎవరూ లేరు. జీతాలు అకౌంటెంట్ గారు వేస్తారు, సెలవులు సూపర్‌వైజర్ నోటుబుక్కులో ఉంటాయి, మిగతాదంతా ఫోన్ మెసేజీలే. అపాయింట్‌మెంట్ లెటర్లు 9 మందికే ఉన్నాయి. గడిచిన 6 నెలల్లో ఐదుగురు మానేశారు. ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క మీద ప్రతి నెలా జీతాల రోజున పంచాయితీ.

మూడు ప్రపోజల్స్ వచ్చాయి. ఒకటి నెలవారీ రిటైనర్, అంటే నెలనెలా ఇంత అని కట్టేది. అందులో ఏం చేస్తారో రాసింది ఒక్క లైనే: "హెచ్‌ఆర్ అంతా మేమే చూసుకుంటాం." రెండోది 40 గంటల ప్యాకేజీ, ముందే కొనుక్కుని అవసరం పడ్డప్పుడల్లా వాడుకోవాలి. మూడోది, సిబ్బందినందర్నీ కాగితాల మీద వాళ్ల సంస్థలోకి మార్చుకుని జీతాలు, చట్టప్రకారం కట్టాల్సినవి అన్నీ వాళ్లే కట్టే పద్ధతి.

వీటిలో ఏది తీసుకోవాలి? తీసుకున్నాక ముందుగా ఏ పని చేయించుకోవాలి? ఇంకో విషయం, ఒక సీనియర్ ఆపరేటర్ వారంలో మూడు రోజులు ఆలస్యంగా వస్తాడు. కన్సల్టెంట్ ఉంటే అతన్ని తీసేసే పని కూడా వాళ్లే చేసిపెడతారా?

జవాబు 1: హాజరుపట్టీ

ప్రపోజల్స్ పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. నాలుగు వారాల పాటు సిబ్బందికి సంబంధించిన ప్రతి పనినీ ఒక షీటులో రాయించండి: తేదీ, ఏ పని, ఎవరు చేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది. అటెండెన్స్ సరిదిద్దడానికి రోజుకి 15 నిమిషాలు పోతోందనుకోండి, 26 రోజులకి అదే ఆరున్నర గంటలు. ఆ పనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, సరిగ్గా పనిచేసే పంచింగ్ మెషిన్ చాలు. ఈ షీటు లేకుండా మాట్లాడటానికి కూర్చుంటే మీ అవసరం ఏంటో అవతలివాళ్లే మీకు చెబుతారు, వాళ్ల దగ్గర రెడీగా ఉన్నదే మీకు అవసరం అంటారు.

ఈ సేవలిచ్చేవాళ్ల పేర్లు కూడా కలగాపులగం అవుతుంటాయి. పేరోల్ వెండర్ మీరిచ్చిన హాజరు మీద జీతాల లెక్క కడతాడు. ఆ హాజరు తప్పా ఒప్పా అన్నది చూడడు. రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ మనిషిని తెస్తుంది, నిలబెట్టదు. లేబర్ లాయర్ గొడవ వచ్చాక పనికొస్తాడు. హెచ్‌ఆర్ కన్సల్టెంట్ చేయాల్సింది పద్ధతులు రాయడం, మీ మనుషులకి వాటిని నేర్పడం, చిక్కు కేసుల్లో పక్కన కూర్చోవడం. ఒకే కంపెనీ ఈ నాలుగూ చేస్తానంటే ఏ పనికి ఏ మనిషి వస్తారో పేరుతో సహా అడగండి.

మూడో ప్రపోజల్ విషయంలో జాగ్రత్త. కాగితం మీద యజమాని మారినంత మాత్రాన బాధ్యత దులుపుకోలేరు. ఉద్యోగ సంబంధం ఉందా లేదా అన్నది ఒప్పందంలో రాసుకున్న పేరును బట్టి కాకుండా, పని నిజంగా ఎలా జరుగుతోందన్న దాన్ని బట్టి తేల్చాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006 నాటి 198వ సిఫార్సులో చెప్పింది. ఎవరు షిఫ్టు వేస్తున్నారు, ఎవరు సెలవు ఇస్తున్నారు, ఎవరి మెషిన్ మీద పని? ఇవన్నీ మీరే అయినప్పుడు రేపు జీతం ఆగితే మనుషులు వచ్చేది మీ గేటు దగ్గరికే. అయినా అటే వెళ్లాలనుకుంటే రెండు సంగతులు రాతలో తీసుకోండి: ఇప్పటిదాకా చేసిన సర్వీసు కొత్త సంస్థలో కలుస్తుందా, రేపు ఒప్పందం తెగితే అందరూ మళ్లీ మీ దగ్గరికి ఏ షరతుల మీద వస్తారు. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయడం మంచిది.

ఇక మొదటి పని ఫైళ్ల ఆడిట్. 24 మందే కాబట్టి శాంపిల్ తీయకుండా అందరివీ చూడాలి. అడ్డంగా కాగితాల పేర్లు, నిలువుగా మనుషుల పేర్లు, మధ్యలో ఉంది, లేదు, పాతది అని మూడే గుర్తులు. ఒక్కో ఫైల్లో ఉండాల్సినవి: దరఖాస్తు, గుర్తింపు, చదువు పత్రాల నకళ్లు, సంతకం చేసిన అపాయింట్‌మెంట్ లెటర్, పని వివరం, జీతం పెంచినప్పుడల్లా ఇచ్చిన లెటర్, బ్యాంకు వివరాలు, నామినీ పేరు, సెలవుల లెక్క, భద్రతా శిక్షణ సంతకాలు, మెమోలు, వాటికి వచ్చిన జవాబులు. ఆరోగ్యానికి సంబంధించిన కాగితాలు, ఫిర్యాదుల విచారణ కాగితాలు ఇందులో కలపకూడదు. వాటికి వేరే ఫైలు, వేరే తాళం. సెలవుల లెక్క చూడటానికి ఫైలు తెరిచిన సూపర్‌వైజర్‌కి ఒకరి ఆపరేషన్ రిపోర్టు కనపడిందంటే తర్వాత సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

లెటర్లు లేని 15 మంది గురించి ముఖ్యమైన మాట. పాత తేదీలు వేసి లెటర్లు తయారుచేయకండి. "అందరూ చేసేదే" అని చెప్పే కన్సల్టెంట్ దొరికితే వాళ్లని వదిలేయడానికి అదొక్కటే చాలు. లెటర్ మీద ఇచ్చిన రోజు తేదీ ఉండాలి. లోపల "మీరు ఫలానా తేదీన చేరారు, ఇప్పుడు అమల్లో ఉన్న షరతులు ఇవి" అని ఉండాలి. హోదా, పనిచేసే చోటు, పని గంటలు, వారాంతపు సెలవు, జీతం విడివిడిగా, ఓటీ ఎలా లెక్కకడతారు, రెండు వైపులా నోటీసు ఎన్ని రోజులు. ఇందులో కొత్త షరతులు చాటుగా దూర్చకూడదు. నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఇచ్చిన లెటర్లో "6 నెలలు ప్రొబేషన్" అని పడిందంటే టెంప్లేటు మార్చకుండా ప్రింటు తీశారని అర్థం. అది చూసి మనిషి సంతకం పెట్టడు, పక్కవాళ్లని కూడా పెట్టనివ్వడు.

హ్యాండ్‌బుక్, అంటే సంస్థ నియమాల పుస్తకం, ఆఖర్న. చాలామంది కన్సల్టెంట్లు దాన్నే ముందు ఇస్తారు, 60 పేజీలు చూడటానికి బరువుగా ఉంటుంది కదా. అందులో "ఎవరినైనా తొలగించే ముందు మూడు రాతపూర్వక హెచ్చరికలు ఇస్తాం" అని ఉండి మీరు రెండోదానికే తీసేస్తే, మీ పుస్తకమే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. మీరు నిజంగా పాటించగలిగినవే 12 పేజీల్లో రాయించుకోండి.

జవాబు 2: జీతాలలెక్క

ప్రతి నెలా ఓటీ గొడవ అన్నారు కాబట్టి దాని మూలం ఎక్కడుంటుందో చెబుతాను. చాలాసార్లు అది మనుషుల గొడవ కాదు, కింద ఏ సంఖ్యతో భాగిస్తున్నారన్న గొడవ.

నెల జీతం 31,200 అనుకోండి. 26 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 208 గంటలు, గంటకి 150. అదే జీతాన్ని 30 రోజులు, 240 గంటలతో భాగిస్తే గంటకి 130. సూపర్‌వైజర్ నోటితో 150 చెప్పి, అకౌంటెంట్ షీటులో 240 పెట్టుకుంటే 20 గంటల ఓటీ చేసిన మనిషికి 400 తేడా. రెట్టింపు రేటు అయితే 800. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. దేనితో భాగించాలో, ఓటీకి ఎంత రెట్టు ఇవ్వాలో, జీతంలో ఏయే భాగాలు ఆ లెక్కలోకి వస్తాయో మీ దగ్గర వర్తించే చట్టం ముందు చూసుకుని, ఆ పైన అపాయింట్‌మెంట్ లెటర్లోనే రాసేయాలి.

రెండో ఉచ్చు, 26తో భాగించి హాజరైన రోజులతో గుణించడం. వారానికి ఒక రోజు సెలవు అనుకుంటే, 31 రోజుల నెలలో ఆ సెలవు నాలుగుసార్లే వచ్చినప్పుడు పనిరోజులు 27. ఆ నెలలో ఒక రోజు ఎగ్గొట్టినవాడికి 26/26, పూర్తి జీతం. 28 రోజుల ఫిబ్రవరిలో పనిరోజులు 24. అన్ని రోజులూ వచ్చినవాడికి 24/26, అంటే రెండు రోజుల జీతం పోయింది. అందుకే నెల జీతగాళ్లకి కింది నుంచి కూడుకుంటూ రాకూడదు, పూర్తి జీతం నుంచి గైర్హాజరు తగ్గించుకుంటూ రావాలి. పై మనిషికి 31,200 లోంచి గైర్హాజరైన ఒక్కో రోజుకి 1,200 తగ్గుతుంది, ఏ నెలైనా సరే.

నెల మధ్యలో చేరినవాళ్ల దగ్గర ఇంకో తిరకాసు. 17వ తేదీన చేరితే 31 రోజుల నెలలో 15 రోజులు. 31తో భాగిస్తే 15,096.77, 30తో భాగిస్తే 15,600, పనిరోజులు లెక్కపెట్టి 26తో భాగిస్తే, మధ్యలో వారాంతపు సెలవులు రెండా మూడా అన్నదాన్ని బట్టి 15,600 లేదా 14,400. ఒకే మనిషి, ఒకే నెల, మూడు జవాబులు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని రాసిపెట్టుకోండి. ఎక్కువ నష్టం చేసేది తప్పు పద్ధతి కూడా కాదు, మనిషికో పద్ధతి.

మీకు రాత్రి షిఫ్టు ఉంది కాబట్టి ఇంకోటి. రాత్రి 10కి పంచ్ కొట్టి ఉదయం 6కి బయటికి వెళ్లినవాణ్ణి తేదీని బట్టి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ రెండు ముక్కలు చేస్తుంది: ఈ రోజు 2 గంటలు, రేపు 6 గంటలు. రెండు రోజులూ సగం హాజరు పడొచ్చు, లేదా "అవుట్ పంచ్ లేదు" అని గైర్హాజరు పడొచ్చు. షిఫ్టు మొదలైన తేదీకే మొత్తం గంటలు చేరేలా సెట్టింగ్ ఉందో లేదో డెమో రోజునే చూపించమనండి. వారాంతపు సెలవు ముందురోజు రాత్రి షిఫ్టుతోనే పరీక్షించమనండి, బండారం అక్కడే బయటపడుతుంది.

పేరోల్ బయటికి ఇచ్చేట్టయితే రెండు నెలలు సమాంతరంగా నడపాలి. జీతం మీ పాత షీటు ప్రకారమే పడుతుంది, కొత్తవాళ్లు విడిగా లెక్కకట్టి పంపుతారు, 24 మంది నికర జీతాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రూపాయి తేడా వచ్చినా కారణం రాయాలి. "రౌండింగ్" కారణం కిందికి వస్తుంది, "చిన్న తేడానే కదా" రాదు. ఈ రెండు నెలల్లోనే పాత షీటులో దాక్కున్న తప్పులు కూడా బయటికొస్తాయి. వాటికి సిద్ధంగా ఉండండి, కొందరికి బకాయిలు ఇవ్వాల్సి రావచ్చు.

క్యాలెండర్ ఇలా ఉంటే చాలు: 25న హాజరు ముగింపు, 26న సూపర్‌వైజర్ సరిచూసి సంతకం, 27న నోటీసుబోర్డు మీద ప్రతి ఒక్కరి ఓటీ గంటలు (డబ్బు కాదు, గంటలే), 28 సాయంత్రం దాకా అభ్యంతరాలు, 29న లెక్క, 30న యజమాని ఆమోదం. గొడవ జీతాల రోజు నుంచి 27కి జరుగుతుంది, అప్పటికి సరిదిద్దడానికి ఇంకా టైముంటుంది. ఫిబ్రవరికి ఇదంతా మూడు రోజులు ముందుగానే పెట్టుకోండి. 25 తర్వాతి రోజుల హాజరు వచ్చే నెలలో కలుస్తుందని అందరికీ ముందే చెప్పాలి, లేకపోతే కొత్త గొడవ మొదలు.

జవాబు 3: కాగితంపులి

ఆలస్యంగా వచ్చే ఆపరేటర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. కన్సల్టెంట్ తీసేయడు, తీసేయకూడదు కూడా. నిర్ణయం యజమానిది, సంతకం యజమానిది. కన్సల్టెంట్ పని ఆ నిర్ణయం నిలబడేలా దారి వేయడం. "మీకెందుకు సార్, మేం మాట్లాడి పంపించేస్తాం" అనేవాళ్లు అవతలి మనిషితో ఏం మాట్లాడారో మీకు ఎప్పటికీ తెలియదు, జవాబు చెప్పాల్సింది మాత్రం మీరు.

తొలగింపుకి మనిషి ప్రవర్తనకో సామర్థ్యానికో సంస్థ అవసరానికో సంబంధించిన సరైన కారణం ఉండాలని, ప్రవర్తన మీదో పనితీరు మీదో ఆరోపణ ఉంటే తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982 నాటి 158వ ఒడంబడికలో ఉంది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, ఎక్కడి చట్టం అక్కడిదే. కానీ కారణం, అవకాశం అన్న ఈ రెండూ లేని ఫైలు ఎక్కడికి వెళ్లినా కష్టమే.

ముందు మూడు ప్రశ్నలు. షిఫ్టు టైము ఇదని, ఎన్ని నిమిషాల దాకా సర్దుకుంటామో ఇదని అతనికి రాతలో తెలుసా? అంతే ఆలస్యంగా వచ్చే మిగతావాళ్లని కూడా అడుగుతున్నారా? కారణం ఎప్పుడైనా అడిగారా? మూడోదే ఎక్కువగా వదిలేస్తారు. బస్సు వేళలు మారి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికో జబ్బు అయి ఉండొచ్చు. షిఫ్టు అరగంట జరిపితే తీరే సమస్యకి మెమో రాయడం దండగ.

మెమో రాయాల్సి వస్తే మాటలు కొలిచి రాయండి. సాధారణంగా కనిపించే మెమో ఇలా ఉంటుంది: "మీరు తరచుగా ఆలస్యంగా వస్తూ నిర్లక్ష్యంగా వ్యవహరిస్తున్నారు. ఇకనైనా మారకపోతే తీవ్ర చర్యలు తీసుకోబడును." ఇందులో ఒక్క వాస్తవం లేదు. "తరచుగా" అంటే ఎన్నిసార్లు? "నిర్లక్ష్యం" మీ అభిప్రాయం. ఎప్పటిలోగా మారాలి? ఉండాల్సింది ఇలా: "షిఫ్టు ఉదయం 6 గంటలకి మొదలవుతుంది. ఈ నెల 3న 6:25కి, 5న 6:40కి, 8న 6:30కి వచ్చారు. ఈ మూడు రోజులూ ముందు షిఫ్టు ఆపరేటర్ మీరు వచ్చేదాకా మెషిన్ దగ్గర ఆగాల్సి వచ్చింది. కారణం ఈ నెల 14లోగా రాతలో తెలపండి. 15న ఉదయం 11కి మాట్లాడదాం, మీకు కావాలంటే తోటి ఉద్యోగి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు." విశేషణాలు లేవు, తేదీలు ఉన్నాయి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకంతో ఆ సంగతి రాసి, చిరునామాకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఆ మీటింగులో మాట్లాడాల్సింది యజమానో మేనేజరో. కన్సల్టెంట్ పక్కన కూర్చుని నోట్సు రాసుకోవాలి. చివర్లో ఆ నోట్సు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. నిర్ణయం అదే గదిలో చెప్పకండి, ఒక రోజు ఆగండి. విచారించిన మనిషే నిర్ణయం తీసుకోకుండా ఉంటే ఇంకా మంచిది. 24 మందిలో అంత మంది మేనేజర్లు ఉండరు కాబట్టి బయటి మనిషి విలువ నిజంగా తెలిసేది ఇక్కడే.

కొందరు కన్సల్టెంట్లు బ్రాడ్‌ఫోర్డ్ స్కోరు అంటూ ఒక లెక్క తెస్తారు. గైర్హాజరు ఎన్ని విడతలుగా జరిగిందో ఆ సంఖ్యని వర్గం చేసి, మొత్తం రోజులతో గుణిస్తారు. వరుసగా 5 రోజులు రాకపోతే 1×1×5 = 5. విడివిడిగా ఐదుసార్లు ఒక్కో రోజు మానేస్తే 5×5×5 = 125. చెదురుమదురు గైర్హాజరు ఎక్కడుందో కనిపెట్టడానికి పనికొస్తుంది, శిక్ష వేయడానికి కాదు. డయాలసిస్‌కో కీమోథెరపీకో వెళ్లేవాళ్ల స్కోరు ఆకాశాన్నంటుతుంది, వాళ్లు చేసిన తప్పేమీ లేకుండానే. ఇన్ని మార్కులు దాటితే ఆటోమేటిగ్గా మెమో వెళ్లాలి అనే సెట్టింగ్ ఉంటే తీసేయించండి.

మరో మాట. ఫిర్యాదు యజమాని మీదో, ఆయన బంధువు మీదో వస్తే? చిన్న సంస్థల్లో అది దాచేసే విషయం అవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థదే 2019 నాటి 190వ ఒడంబడిక పనిచోట హింస, వేధింపుల గురించి. పని సంబంధమైన ప్రయాణాలు, మెసేజీలు, సంస్థ ఇచ్చిన వసతి కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఒప్పందంలోనే ఇలా రాయించండి: అలాంటి ఫిర్యాదు నేరుగా కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లొచ్చు, ఆ ఫోన్ నంబరు నోటీసుబోర్డు మీద ఉంటుంది, ఫిర్యాదు వచ్చిందన్న కారణంతో కన్సల్టెంట్ ఒప్పందం రద్దు చేయకూడదు.

జవాబు 4: మధ్యేమార్గం

హాజరుపట్టీ గారి ఆడిట్ మాటతో ఏకీభవిస్తాను కానీ, 24 మందికి రిటైనర్ అవసరమని నాకు అనిపించడం లేదు. మూడు నెలల ప్రాజెక్టుగా ఇచ్చి ఫైళ్లు, లెటర్లు, జీతం లెక్క, సెలవుల పద్ధతి సరిచేయించుకోండి. తర్వాత మూడు నెలలకి ఒకసారి సగం రోజు వచ్చి చూసేలా పెట్టుకోండి. రోజువారీ పని మీ వాళ్లలోనే ఒకరికి నేర్పించాలి. నెలనెలా డబ్బు కడుతుంటే ప్రతి చిన్న మాటకీ "కన్సల్టెంట్‌ని అడుగుదాం" అనే అలవాటు పడుతుంది, సూపర్‌వైజర్ సెలవు ఇవ్వడం కూడా మర్చిపోతాడు.

నేర్పించే మనిషి మాత్రం అకౌంటెంట్ కాకుండా చూడండి. కొత్త పేరు చేర్చేదీ, హాజరు దిద్దేదీ, జీతం వేసేదీ ఒక్క చెయ్యే అయితే లేని మనిషికి జీతం వెళ్లినా పట్టుకునేవారుండరు. ఆయన్ని అనుమానించమని కాదు, పద్ధతి అలా ఉండకూడదని.

ప్రశ్న వేసినవారు: చిన్నయూనిట్24

అందరికీ ధన్యవాదాలండి. షిఫ్టు మొదలైన తేదీ సెట్టింగ్ ఇవాళే చూశాను, మా మెషిన్‌లో అది ఆఫ్‌లో ఉంది. ఇంకా రెండు సందేహాలు. మూడు నెలల ప్రాజెక్టు అయితే ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలి? మానేసిన ఐదుగురి సంగతి కన్సల్టెంట్‌కి అప్పజెప్పొచ్చా? రిటైనర్ ఇచ్చినవాళ్లు "మనుషుల్ని కూడా మేమే తెస్తాం, ఒక్కొక్కరికి ఇంత" అన్నారు.

జవాబు 5: మూడోపక్షం

రెండో ప్రశ్నకి ముందు. మనుషులు ఎందుకు మానేస్తున్నారో చెప్పాల్సినవాళ్లకే, మానేసిన ప్రతి మనిషి స్థానంలో కొత్తవాణ్ణి తెస్తే ఫీజు ఇస్తానంటున్నారు. ఎంత నిజాయితీపరులైనా ఆ రెండు పనులూ ఒకరికే ఇవ్వకండి.

24 మంది సగటు మీద ఐదుగురంటే ఆరు నెలలకి 20.8 శాతం, ఏడాదికి లెక్కేస్తే 41.7. ఇంత చిన్న సంఖ్యల్లో శాతం బెదిరించడానికే తప్ప ఆలోచించడానికి పనికిరాదు. ఒక్క మనిషి అటూ ఇటూ అయితే నాలుగు పాయింట్లు మారిపోతాయి. ఐదు పేర్లూ రాసి పక్కన నాలుగు గడులు పెట్టండి: ఎన్నాళ్లు పనిచేశారు, ఏ షిఫ్టు, ఎవరి కింద, వెళ్లాక ఏం చేస్తున్నారు. ముగ్గురు మొదటి 90 రోజుల్లోనే వెళ్లారంటే లోపం ఎంపికలోనో, చేరేటప్పుడు చెప్పిన మాటకీ నిజంగా ఇచ్చిన పనికీ మధ్య తేడాలోనో ఉంటుంది. రెండేళ్లు చేసినవాళ్లు వెళ్తున్నారంటే జీతమో సూపర్‌వైజరో. ఐదుగురిలో నలుగురు రాత్రి షిఫ్టువాళ్లే అయితే ఇంకేం వెతకనక్కర్లేదు. ఎగ్జిట్ ఇంటర్వ్యూ (ఎందుకు మానేస్తున్నారని అడగడం) ఆఖరి రోజున చేస్తే అందరూ "సొంత కారణాలు" అనే రాస్తారు, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు, అంటే మానేసేటప్పుడు రావాల్సిన మొత్తం లెక్క, ఇంకా చేతికి రాలేదు కదా. లెక్క తేలిన నెల తర్వాత బయటి మనిషి చేత ఫోన్ చేయిస్తే నిజం వస్తుంది. ఇది కన్సల్టెంట్‌కి ఇవ్వదగ్గ పని.

ఎంపిక దగ్గర కూడా ఒకటి చేయించుకోండి: ఒక్కో ఉద్యోగానికి ఆరు ప్రశ్నలు, అందరికీ అవే, అదే వరుసలో, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, ఏ జవాబుకి 1, ఏ జవాబుకి 5 అన్నది ముందే రాసి. ఇద్దరు అడిగితే ఇద్దరూ మాట్లాడుకోకముందే మార్కులు వేయాలి. ఎంపిక పద్ధతుల మీద ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో చేసిన సమీక్షలోనూ, ఆ అంకెల్ని తిరిగి లెక్కగట్టిన పాల్ సాకెట్ బృందం 2022 సమీక్షలోనూ ఇలా పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ విడి మాటల ఇంటర్వ్యూ కంటే మెరుగ్గా తేలింది. ఆపరేటర్ ఉద్యోగానికైతే దానికి తోడు అరగంట మెషిన్ మీద పని చేయించి చూడటం.

ఇక ఒప్పందం. గంటలు రాయకండి, చేతికొచ్చే వస్తువులు రాయండి: 24 ఫైళ్లు పూర్తి, 15 లెటర్లు సంతకాలతో, జీతం లెక్క నియమాలు రెండు పేజీల్లో, రెండు నెలల సమాంతర లెక్క, కారణం తేలని తేడాలు సున్నాతో, సూపర్‌వైజర్లకి మూడు గంటల శిక్షణ. ప్రతిదాని పక్కన తేదీ. డబ్బు కూడా వాటితోనే ముడిపెట్టండి, ఆఖరి 20 శాతం అప్పగింత అయ్యాకే. వచ్చే మనిషి పేరు ఒప్పందంలో ఉండాలి. సంతకాల రోజున సీనియర్ వచ్చి, మర్నాటి నుంచి ట్రైనీని పంపడం ఈ రంగంలో మామూలే.

డేటా మీది అని ఒక వాక్యం రాసుకుంటే సరిపోదు. ఎలా తిరిగి ఇస్తారో రాయాలి: ఒప్పందం ముగిసిన 15 రోజుల్లో, ఎక్సెల్‌లో తెరవగలిగే రూపంలో, హాజరు, జీతం, సెలవులు మొదటి రోజు నుంచీ, ఆ తర్వాత వాళ్ల దగ్గరి కాపీలు చెరిపేసి రాతలో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ అడ్మిన్ లాగిన్ మీ సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి. కన్సల్టెంట్ ఈమెయిల్ మీద ఉన్న లాగిన్ అంటే ఇంటి తాళంచెవి అద్దెవాడి పేరున రాయడమే.

ఒకటి ఎవరూ చెప్పలేదు. "నా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల నుంచి ఇందులో వేయండి" అని ఉద్యోగి పేరుతో ఈమెయిల్ వస్తుంది. పేరోల్ బయట ఉన్నప్పుడు అక్కడివాళ్లకి ఉద్యోగి గొంతు కూడా తెలియదు, మార్చేస్తారు. జీతం మోసగాడి ఖాతాలో పడుతుంది. నియమం ఇలా పెట్టండి: ఖాతా మార్పు ఈమెయిల్ మీద జరగదు; మనిషి స్వయంగా వచ్చి సంతకం చేయాలి, లేదా ఫైల్లో ఉన్న పాత నంబరుకి మనవాళ్లే ఫోన్ చేసి అడగాలి, ఈమెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు. ఆమోదం ఇద్దరిది. 26వ తేదీ తర్వాత వచ్చిన మార్పు వచ్చే నెలకే, ఎంత అర్జంటు అన్నా సరే. ఇలాంటి మెయిల్ ఎప్పుడూ అర్జంటుగానే వస్తుంది.

జవాబు 6: హాజరుపట్టీ

మధ్యేమార్గం గారి మాట ఒప్పుకుంటున్నాను, మూడు నెలల ప్రాజెక్టే మేలు. ఒక్క సవరణ. మధ్యలో చిక్కు కేసు వస్తే అడగడానికి ఆ 40 గంటల ప్యాకేజీవాళ్లతో 10 గంటలది కుదురుతుందేమో కనుక్కోండి. వాడని గంటలు ఎప్పటిదాకా చెల్లుతాయో, ఐదు నిమిషాల ఫోన్‌కి ఎంత కోస్తారో అడగండి. కొన్నిచోట్ల ఫోన్ ఎత్తితే కనీసం అరగంట కోత; అలాగైతే 20 ఫోన్లకే 10 గంటలూ అయిపోతాయి. ఆపరేటర్ మెమో పంపే ముందు ఒకసారి చూపించుకోవడానికి మాత్రం అందులో అరగంట తప్పకుండా వాడండి.